బోర్డింగు హౌస్ పుస్తకాలు, చాపెల్ రిజిస్టర్లు పాత కాగితాల వాడికి ఇచ్చేస్తారట, ఏం చేయాలి?

కొలాబ్_గట్టు
మాది ఒడిశాలోని జయపురం. మా అమ్మ 1961 నుంచి 1967 దాకా కోరాపుట్ జిల్లాలో ఒక మిషన్ బోర్డింగులో ఉండి చదువుకుంది. బడి పేరు రాయను, అక్కడి వాళ్ళతో ఇంకా పని ఉంది, వాళ్ళని నలుగురిలో పెట్టడం నాకిష్టం లేదు. అమ్మకి డెబ్బై దాటాయి, మోకాళ్ళు సహకరించవు, అయినా రెండేళ్ళ నుంచి ఒకటే మాట, "మా పచ్చ హౌస్ పుస్తకం ఉందేమో ఒకసారి వెళ్ళి చూడరా" అని. పోయిన వారం వెళ్ళాను. గుమాస్తా మంచివాడు, చాపెల్ వెనకాల గది తీసి చూపించాడు. రెండు ఇనప ట్రంకులు. ఒకదాంట్లో ఎరుపు, నీలం, పచ్చ, పసుపు, నాలుగు హౌసుల పుస్తకాలు, ఏడాదికొకటి చొప్పున. రెండోదాంట్లో చాపెల్‌వి: ఆరాధన రిజిస్టర్లు, కానుకల లెక్క, సండే స్కూలు హాజరు. అడుగున ఉన్నవాటికి చెదలు పట్టాయి. ఆ గదిని కంప్యూటర్ గదిగా మారుస్తారట, సెలవుల లోపల ఖాళీ చేయాలట, "పాత కాగితాల వాడు కిలో లెక్కన తీసుకుపోతాడండీ" అని మామూలుగా చెప్పేశాడు. నాకు గుండె ఆగినంత పనైంది. నెలాఖరు వరకు ఎవరికీ ఇవ్వకండి అని బతిమాలి వచ్చాను. ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎవరిని అడగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

సాలూరు_చిన్నోడు
మిగతావన్నీ తర్వాత. ముందు ఆ ట్రంకుల్ని నేల మీంచి లేపించండి. కింద నాలుగు ఇటుకలు పెట్టి, గోడకి జానెడు దూరం జరపమనండి. ఈ వానల్లో నెలాఖరు దాకా చెదలు ఆగవు. ఇవాళే ఫోన్ చేయండి.

నవోదయ_బ్యాచ్
హౌస్ పుస్తకం అంటే ఆటల పాయింట్లు రాసుకునేదేనా? మా నవోదయలో ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌసులు, స్పోర్ట్స్ డే రోజు తప్ప వాటి ఊసు పెద్దగా ఉండేది కాదు. దానికి ఇంత బాధ ఎందుకో అర్థం కాలేదు, తప్పుగా అనుకోకండి.

మండియా_జావు
తప్పేముంది తమ్ముడూ. మీకు హౌస్ అంటే జట్టు, మాకు హౌస్ అంటే ఇల్లే. ఇంగ్లండులో ఈ పద్ధతి మొదలైంది కూడా అలాగే, పిల్లలు ఏ మాస్టారింట్లో ఉండి తింటే అది వాళ్ళ హౌస్. నేను 1978లో రాయగడ దగ్గర ఒక బోర్డింగులో చేరాను. ఒక్కో హౌసుకి ఒక పొడుగాటి గది, ఒక మేట్రన్ అమ్మ, ఒక పెద్దక్క. ఎవరు ఎప్పుడు నీళ్ళు తోడాలి, ఎవరికి జ్వరం, ఎవరింటి నుంచి ఎవరొచ్చారు, పండక్కి ఎవరు ఇంటికెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు, అన్నీ అందులోనే. పొద్దున మండియా జావు ఎవరు కలపాలో కూడా రాసుండేది. నా వంతు మంగళవారం. మంగళవారం జావులో ఉండలు ఉండేవి కావని ఇప్పటికీ మా బ్యాచ్ వాళ్ళు చెప్పుకుంటారు!

నవోదయ_బ్యాచ్
ఓ, అయితే అది వేరే సంగతి అక్కా. అర్థమైంది. మండియా అంటే చోళ్ళేనా?

మండియా_జావు
అవును, చోడి అంబలే. మీ వైపు చోళ్ళు, కోరాపుట్ వైపు మండియా, జిల్లా దాటితే రాగులు.

పాతకాగితం
ఇరవై రెండేళ్ళుగా గ్రంథాలయంలో పాత రికార్డుల మధ్యే ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

బడిలో అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు, ఎందుకంటే పుట్టిన తేదీ కోసం, టీసీ కోసం ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తుంటారు. హౌస్ పుస్తకానికి, చాపెల్ పుస్తకానికి ఆ కాపలా లేదు. వాటితో ఏ ఆఫీసుకీ పని లేదు, అందుకే గది ఖాళీ చేసేటప్పుడు ముందు పోయేవి అవే. కానీ అడ్మిషన్ రిజిస్టరులో ఒక పిల్లకి దొరికేది ఒక్క వరస: పేరు, తండ్రి పేరు, కులం, తేదీ. ఆ పిల్ల ఆరేళ్ళు ఎలా బతికిందో ఉండేది ఈ ట్రంకుల్లోనే.

ఇక పని. చెదలు పట్టినవాటిని ముందు వేరు చేయండి, బాగున్నవాటితో కలిపి ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు. చెట్టు కింద నీడలో తెల్ల దుప్పటి పరిచి, మెత్తటి బ్రష్‌తో దులపండి. తడిగా ఉందని ఎండలో పెట్టకండి, కాగితం అప్పడంలా వంకర తిరిగిపోతుంది. పేజీల మధ్య అచ్చు లేని తెల్ల కాగితం పెట్టి గాలికి ఆరనివ్వాలి. న్యూస్ పేపరు పెడితే దాని సిరా అంటుకుంటుంది. చిరిగిన చోట సెల్లో టేపు అంటించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. పదేళ్ళకి టేపు ఊడిపోతుంది, దాని జిగురు పసుపు మరక మిగులుతుంది, అక్షరాలు దాంతో పాటే పోతాయి. పేజీలో సూటిగా సూదితో పొడిచినట్టు బొక్కలుంటే అది రామబాణం పురుగు పని, చెదలు కాదు. అట్ట నుంచి అట్ట దాకా ఒకటే బొక్క వెళ్తుంది. ఇంకా పాత పుస్తకాలుంటే సిరా గోధుమ రంగులోకి మారి, అక్షరం ఉన్న మేరకే కాగితం చిల్లులు పడి కనిపించవచ్చు. అన్నభేది, అంటే ఇనుము కలిసిన లవణం, వేసిన సిరా అలాగే కాగితాన్ని తినేస్తుంది. అలాంటి పేజీని తిప్పేటప్పుడు కింద ఒక గట్టి అట్ట ఆనించి తిప్పండి.

ఫోటోలు ఫోనుతోనే తీయొచ్చు. కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా. స్కానర్ యాప్‌లు వాడొద్దు, అవి అంచులు వాటంతట అవే కత్తిరించేస్తాయి. ఇలాంటి పుస్తకాల్లో పెన్సిలుతో రాసిన అసలు సంగతులన్నీ అంచుల్లోనే ఉంటాయి. అట్ట దగ్గర మొదలుపెట్టి ఖాళీ పేజీలతో సహా వరసగా తీయండి, మనకి కావలసిన పేజీ ఒక్కటే తీసుకుని వచ్చేయడం కాదు.

రాయగడ_రైల్వే
ఇంత కష్టం ఎందుకు, సమాచార హక్కు కింద ఒక అర్జీ పడేయండి. ప్రభుత్వ సాయంతో నడిచే బడి అయితే జవాబు ఇవ్వాల్సిందే. అర్జీ ఫైల్లో ఉంటే ఎవడూ తుక్కు కింద అమ్మే ధైర్యం చేయడు.

వంశధార
రాయగడ గారూ, మీతో ఏకీభవించలేను. 2005 చట్టం పెట్టింది ప్రభుత్వ సంస్థలకి, ప్రభుత్వ డబ్బు గణనీయంగా అందే సంస్థలకి. బడి ఆ లెక్కలోకి వచ్చినా చాపెల్ పుస్తకాలు చర్చి సంఘానివి, బడివి కావు. అర్జీ వెళ్ళిన మర్నాడే "అలాంటివేమీ మా దగ్గర లేవు" అని రాసి పంపుతారు, ఆ మాట నిజం చేయడానికి ట్రంకులు ఆ రాత్రే వెళ్ళిపోతాయి. పర్లాకిమిడిలో ముప్ఫై ఏళ్ళు టీచరుగా చేశాను, కాగితం చూస్తే భయపడే ఆఫీసుల్ని చాలా చూశాను. మనిషి వెళ్ళాలి. తల్లిని తీసుకెళ్ళగలిగితే ఇంకా మంచిది.

రాయగడ_రైల్వే
మంచి మాటలతో అడిగి పోగొట్టుకున్న కేసులు నేనూ చూశాను మాస్టారూ. మా ఊళ్ళో మా నాన్న చదివిన హాస్టలు రికార్డు మొత్తం అలాగే పోయింది. రేపు రండి, ఎల్లుండి రండి అన్నారు. మూడో సారి వెళ్ళేసరికి గదికి సున్నం వేసేశారు.

కొలాబ్_గట్టు
ఇద్దరూ చెప్పింది విన్నాను. ముందు మాటతోనే ప్రయత్నిస్తాను. ట్రంకులు లేపమని ఇప్పుడే గుమాస్తాకి ఫోన్ చేశాను, ఇటుకలు కాదు గానీ పాత బెంచీ మీద పెట్టించాడు. చిన్నోడికి థాంక్స్.

బరంపురం_బాబాయ్
ఈ పుస్తకాలు మనకి ఎందుకు ముఖ్యమో కాస్త వెనక్కి వెళ్ళి చెబుతాను. గంజాం, కోరాపుట్ వైపు బోర్డింగుల పుట్టుక వేరు. ఫీజు కట్టే వాళ్ళ పిల్లల కోసం మొదలైనవి కావు ఇవి. కొండల్లో మెరియా అనే నరబలులు ఆపడానికి కంపెనీ ప్రభుత్వం 1845లో ప్రత్యేకంగా మెరియా ఏజెన్సీ పెట్టింది, అది 1861 దాకా నడిచింది. మెక్‌ఫర్సన్, క్యాంప్‌బెల్ అనే అధికారులు విడిపించిన పిల్లల్లో చాలామందిని బరంపురం, కటక్ వగైరా చోట్ల మిషన్ బడులకి అప్పగించారు. తర్వాత 1866 కరువు, ఒడియా వాళ్ళు న అంక దుర్భిక్షం అంటారే, అది. ఆ ఏడు అనాథలైన పిల్లలు మళ్ళీ ఈ బోర్డింగులకే చేరారు. అంటే మన వైపు మొట్టమొదటి బోర్డింగు పట్టీల్లో ఉన్నది తిరిగి తీసుకెళ్ళడానికి ఎవరూ రాని పిల్లల పేర్లు. వాళ్ళ మనవలకి మునిమనవలకి వంశవృక్షం అంటూ ఉంటే అది మిషన్ పుస్తకంలోనే మొదలవుతుంది.

బ్రిటన్ బాప్టిస్టు మిషన్ కాగితాలు ఆక్స్‌ఫర్డ్‌లో రీజెంట్స్ పార్క్ కాలేజీ వాళ్ళ ఆంగస్ లైబ్రరీలో ఉన్నాయి. కెనడా బాప్టిస్టులవి, అంటే కాకినాడ నుంచి బొబ్బిలి, పర్లాకిమిడి వరకు పనిచేసిన వాళ్ళవి, కెనడాలో హామిల్టన్ ఊరి మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. కానీ అక్కడికి చేరినవి దొరల ఉత్తరాలు, ఏడాది నివేదికలు. "ఈ సంవత్సరం బోర్డింగులో ఇంతమంది బాలికలు" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ బాలికలు ఎవరో తెలియాలంటే ఇలాంటి ట్రంకే గతి.

జర్మనీలో_సునాబేడ
మాది సునాబేడ, ఉద్యోగం ఇక్కడ జర్మనీలో. కోరాపుట్ అనగానే ఆగిపోయాను. 1882లో మన కోరాపుట్ వైపు వచ్చిన వాళ్ళు బ్రెక్లుం అనే చిన్న ఊరి మిషన్ వాళ్ళు, ఉత్తరాన డెన్మార్క్ సరిహద్దు వైపు ఉంటుంది ఆ ఊరు. ఆ మిషన్ పుట్టింది 1876లో. నేను ఒకసారి వెళ్ళాను, ఎటు చూసినా చదును నేల, ఆవులు, గాలి. అక్కడి నుంచి బయల్దేరి కోరాపుట్ ఘాటీ ఎక్కారంటే ఒళ్ళు గగుర్పొడిచింది.

ట్రంకులో 1961 కంటే బాగా పాతవి ఉంటే జర్మన్ రాత ఉండొచ్చు. అది ఇప్పటి జర్మన్లకే అర్థం కాదు, కుర్రెంట్ అనే పాత గొలుసుకట్టు రాత, అందులో 'e'ని చూస్తే 'n' అనుకుంటాం, 'u' మీద చిన్న కొక్కెం ఉంటుంది. మా ఇంటి ఎదురు ముసలాయన దగ్గర రెండు చలికాలాలు కూర్చుని నేర్చుకున్నాను. ఫోటో పంపండి, చదివి పెడతాను. అప్పటిదాకా మూడు ముక్కలు గుర్తుపెట్టుకోండి: 'గెబ్' అని ఉంటే పుట్టిన తేదీ, 'గెటౌఫ్ట్' అంటే బాప్తిస్మం, 'గెస్ట్' అంటే చనిపోయిన తేదీ. 1914లోనూ 1939లోనూ యుద్ధం మొదలయ్యాక జర్మన్ మిషనరీలను ప్రభుత్వం నిర్బంధంలో పెట్టింది, కాబట్టి ఆ ఏళ్ళ దగ్గర రాత, భాష ఒక్కసారిగా మారిపోతే పుస్తకం తారుమారైందని కంగారు పడకండి. మనిషి మారాడు, అంతే.

గుణుపురం_అమ్మాయి
నా సొంత విషయం చెప్తాను. మా అమ్మమ్మ సవర పిల్ల. బోర్డింగులో చేరినప్పుడు ఒక పేరు, బాప్తిస్మం తర్వాత ఇంకో పేరు. తాతయ్య పోయాక కుటుంబ పెన్షన్ కాగితాల్లో ఒక పేరు, స్కూలు సర్టిఫికెట్లో ఇంకో పేరు, ఇద్దరూ ఒకరే అని రుజువేదీ అన్నారు. ఏడాదిన్నర తిరిగాం. చివరికి రుజువు దొరికింది ఎక్కడో తెలుసా, చాపెల్ పుస్తకంలో. "ఫలానా అని పిలవబడు బాలిక నేటి నుండి ఫలానా" అని తెలుగులో ఒక్క వాక్యం, కింద పాదిరిగారి సంతకం. ఆ పేజీ నకలు ధ్రువీకరించి ఇస్తే పని అయింది. ఆ పుస్తకం ఎవరైనా కిలో లెక్కన అమ్మేసి ఉంటే మా అమ్మమ్మ ఇద్దరు మనుషులుగానే చచ్చిపోయేది.

వంశధార
అమ్మాయ్, మీ అమ్మమ్మ మొదటి పేరు ఆ పుస్తకంలో ఎలా రాశారో చూశావా? ఎందుకు అడుగుతున్నానంటే సవర పేర్లని తెలుగు గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాస్తాడు, అదే పేరు ఒడియా రిజిస్టరులో ఇంకోలా, ఇంగ్లీషులో మూడో రకంగా ఉంటుంది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం బడులు పెట్టి, వాళ్ళ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారంటే ఆ మాటని ఆ మాటగా వినే చెవి ఉండబట్టే. మిగతా వాళ్ళకి అంత ఓపిక లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి, జయపురం అటు వెళ్ళాక రిజిస్టర్ల భాష నెమ్మదిగా తెలుగు నుంచి ఒడియాకి మారింది. అందుకే ఒకే పిల్లకి మూడు లిపుల్లో మూడు పేర్లు దొరుకుతాయి. వెతికేటప్పుడు పేరు బట్టి కాదు, ఊరు బట్టి, చేరిన తేదీ బట్టి వెతకండి.

గుణుపురం_అమ్మాయి
అవును మాస్టారూ, సరిగ్గా అలాగే ఉంది. ఒక అక్షరం మధ్యలో మింగేశారు. అమ్మమ్మ బతికుండగా ఆ పేరు పలికి చూపించింది, గొంతులో చిన్న విరుపు ఉంటుంది అక్కడ. తెలుగులో దానికి అక్షరం లేదు.

ఎర్రమట్టి
అందరూ ఫోటోలు తీయండి, దాచండి అంటున్నారు. ఒక్క మాట అడుగుతాను. తీసిన తర్వాత ఎక్కడ పెడతారు? మా నాన్న బోర్డింగులో ఎందుకు చేరాడో మా బంధువుల్లో సగం మందికి తెలియదు. మా నాయనమ్మకి కుష్ఠు. సాలూరులో మిషన్ ఆసుపత్రిలో ఉంచి, పిల్లాడిని విడదీసి బోర్డింగులో వేశారు, అప్పట్లో అలాగే చేసేవారు. ఆ సంగతి హౌస్ పుస్తకంలో రాసి ఉంటుంది. ఎవరు పక్క తడిపారు, ఎవరు దొంగతనం చేశారని కొట్టారు, ఎవరి తల్లి ఎవరితో వెళ్ళిపోయింది, అన్నీ ఉంటాయి. రాసినవాళ్ళు పిల్లల్ని అడిగి రాశారా? ఇప్పుడు మనం నెట్‌లో పెడితే ఊరంతా చదువుతుంది. మా నాన్న 2011లో పోయాడు, ఆయన చెప్పుకోని మాట నేను చెప్పను. ఇక్కడ మారు పేరు కాబట్టి ఈ మాత్రం రాశాను.

మండియా_జావు
ఎర్రమట్టి గారూ, మీరు చెప్పింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా బోర్డింగులో కూడా అలాంటి అన్నదమ్ములు ఇద్దరు ఉండేవాళ్ళు. ఆదివారం వాళ్ళకి ఎవరూ వచ్చేవారు కాదు.

రాయగడ_రైల్వే
బాధ అర్థమైంది, కానీ దాచిపెడితే చివరికి పోతుందండీ. అందరికీ కనబడితేనే ఎవరో ఒకరు కాపాడతారు. నెట్‌లో ఉన్నదాన్ని చెదలు తినవు.

ఎర్రమట్టి
చెదలు తినడం కంటే ఊరు నమలడం ఎక్కువ బాధండీ.

పాతకాగితం
ఎర్రమట్టి గారి వైపే నేను. కాపాడటం వేరు, బయట పెట్టడం వేరు, ఈ రెండూ ఒకే పని కాదు. పెద్ద పెద్ద రికార్డు ఆఫీసుల్లో కూడా బతికున్న మనుషుల సంగతులున్న ఫైళ్ళని చాలా ఏళ్ళు తెరవనివ్వరు. ఫోటోలు మొత్తం తీయండి, మూడు చోట్ల దాచండి, ఒకటి బడిలోనే ఉండాలి. నెట్‌లో ఏమీ వద్దు. ఎవరి కుటుంబం అడిగితే వాళ్ళ పేజీ వాళ్ళకి ఇవ్వండి, అంతే. శిక్షల పుస్తకం విడిగా ఉంటే దాన్ని ఇంకో కవరులో పెట్టి సీలు వేయండి. చాపెల్ కానుకల లెక్కలు, కీర్తనల పట్టీలు, హౌస్ వంతుల జాబితాలు అందరూ చూస్తే ఎవరికీ నష్టం లేదు.

రాయగడ_రైల్వే
సరే, నేను ఒప్పుకోలేదు గానీ ఆగుతాను.

వంశధార
కీర్తనల పట్టీ అంటే గుర్తొచ్చింది. మీ చాపెల్ రిజిస్టరులో తేదీ పక్కన కీర్తన నంబర్లు వేసి ఉంటాయి, గమనించండి. మన వైపు చాపెళ్ళలో రాగం తాళం ఉన్న తెలుగు కీర్తనలు, దొరలు తెచ్చిన ఇంగ్లీషు మెట్లు రెండూ పాడేవారు. ఏ ఏడు ఏవి ఎక్కువ పాడారో నంబర్లే చెబుతాయి. కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి మా పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టినవాడే, ఆ మాట చెప్పుకోకుండా ఉండలేను.

ఇంకొకటి, తేదీ చిరిగిపోయిన పేజీలుంటే కానుకల లెక్క చూడండి. అణాలు, దమ్మిడీలు ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది. 'నయా పైసలు' అని ఉంటే ఆ తర్వాతది. నయా పోయి ఒట్టి పైసలు అయ్యిందంటే 1964 జూన్ దాటినట్టు. రాసేవాళ్ళు అలవాటుకొద్దీ కొన్నాళ్ళు వెనకబడవచ్చు, ముందుకు మాత్రం వెళ్ళలేరు కదా.

సాలూరు_చిన్నోడు
మా చాపెల్‌లో గుప్పెడు బియ్యం తీసేవారు. వంటకి కొలిచిన బియ్యంలో గుప్పెడు తీసి డబ్బాలో వేసి ఆదివారం తెచ్చేవాళ్ళం. దాని లెక్క కుంచాల్లో రాసి ఉండేది. మా అమ్మకి ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు, గ్యాస్ పొయ్యి పక్కన డబ్బా ఉంది.

బరంపురం_బాబాయ్
కొలాబ్ బాబూ, ఏమైంది? వారం అయింది, చప్పుడు లేదు.

కొలాబ్_గట్టు
క్షమించండి, రెండు రోజులు అక్కడే ఉండిపోయాను. అమ్మని తీసుకెళ్ళలేకపోయాను గానీ అమ్మ చేత ఒక ఉత్తరం రాయించి పట్టుకెళ్ళాను. "నేను పచ్చ హౌస్ దాన్ని, నా పుస్తకం పారేయకండి" అని రెండే ముక్కలు, చెయ్యి వణికిన రాత. హెడ్‌మిస్ట్రెస్ గారు అది రెండు సార్లు చదివారు. ఆవిడా అదే బోర్డింగులో పెరిగారట, నీలం హౌస్. ఆ గదిలో ఏం ఉన్నాయో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ట్రంకులు ఆవిడ గదిలోకి వచ్చేశాయి, అమ్మే మాట లేదు. ఫోటోలు తీసుకోమన్నారు, నెట్‌లో పెట్టొద్దన్నారు. ఎర్రమట్టి గారి మాటలు ఆవిడకి చదివి వినిపించాను, పేరు లేకుండానే.

తెల్ల దుప్పటి పరిచి, పాతకాగితం గారు చెప్పినట్టే చేశాను. మొదటి రోజు పచ్చ హౌస్ పుస్తకాలు ఐదు అయ్యాయి. అడుగున ఉన్న రెండు చాపెల్ రిజిస్టర్లు పోయినట్టే, మధ్యలో మట్టి తప్ప ఏమీ లేదు. అట్టలు మాత్రం నిలబడి ఉన్నాయి, లోపల గుల్ల.

1963 పుస్తకంలో ఒక పేజీ చెబుతాను. లాంతరు చిమ్నీలు తుడిచే వంతులు. వారం రోజులకి ఏడు గడులు గీసి, ఒక్కో గడిలో ఇద్దరి పేర్లు. బుధవారం గడిలో మా అమ్మ పేరు, ఇంటిపేరు లేకుండా, పక్కన ఇంకో అమ్మాయి పేరు. గడి మూల మీద నల్లటి మసి ముద్ర, చిన్న బొటనవేలు. గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఎవరిదో తెలియదు, చిమ్నీ తుడిచిన చేత్తోనే వచ్చి తన వంతు చూసుకున్నట్టుంది. నేను ఆ పేజీ ఫోటో తీయడం మర్చిపోయి కాసేపు అలాగే కూర్చున్నాను. అంచులో పెన్సిలుతో, మేట్రన్ రాత అనుకుంటాను, "చిమ్నీ 1 పగిలినది, 12 నయా పైసలు" అని, బాణం గుర్తు మా అమ్మ పేరు వైపు.

మండియా_జావు
ఆ బొటనవేలు చదివి నాకు కన్నీళ్ళు ఆగలేదు. మా చేతులు కూడా అలాగే ఉండేవి, బూడిద పెట్టి రుద్దినా గోళ్ళలో మసి పోయేది కాదు. చాపెల్‌లో చేతులు జోడిస్తే ఎవరిది లాంతరు వంతో ఇట్టే తెలిసిపోయేది.

జర్మనీలో_సునాబేడ
అమ్మగారు ఏమన్నారు?

కొలాబ్_గట్టు
ఇంటికి వచ్చి ఫోన్‌లో పెద్దగా చేసి చూపించాను. ముందు పేర్లు చదువుకుంది, ఒక్కొక్కరి ఊరు చెప్పింది, లక్ష్మీపూర్ పిల్ల, నందపూర్ పిల్ల, ఈ పిల్లకి తేలు కుట్టింది అని. తర్వాత అంచు చూసి ఒక్కసారి లేచి కూర్చుంది. "చిమ్నీ పగలగొట్టింది నేను కాదు. అది గాలికి కిటికీ రెక్క కొట్టుకుని పగిలింది. నేను చెబితే వినలేదు. క్రిస్మస్‌కి నాన్న ఇచ్చిన డబ్బుల్లోంచి పట్టుకున్నారు." అరవై ఏళ్ళ కిందటి సంగతి, నిన్న జరిగినట్టు చెప్పింది. ఎప్పుడూ ఎవరి మీదా కోపం చూపించని మనిషి. పుస్తకంలో అది కొట్టేయించమని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియలేదు. పాతకాగితం గారూ, అలా కొట్టేయడం కుదరదని తెలుసు, కానీ ఏదైనా దారి ఉందా?

పాతకాగితం
పుస్తకం మీద ఒక్క చుక్క కూడా పెట్టకండి. అమ్మగారు చెప్పింది చెప్పినట్టు వేరే కాగితం మీద రాయండి, ఆవిడ మాటల్లోనే, మీరు సర్దకండి. పుస్తకం సంవత్సరం, పేజీ నంబరు, ఇవాళ్టి తేదీ, ఆవిడ సంతకం. దాన్ని పుస్తకం లోపల కాదు, ఒక కవర్లో పుస్తకం పక్కన పెట్టమని హెడ్‌మిస్ట్రెస్ గారికి ఇవ్వండి. ఫోటోల ఫోల్డర్లో కూడా ఆ పేజీ పక్కనే ఆ కాగితం ఫోటో ఉండాలి. రేపు ఎవరు ఆ పేజీ తీసినా రెండూ కలిపే చూస్తారు.

ఎర్రమట్టి
ఇది నాకు నచ్చింది. ఇలాంటి కాగితం మా నాన్న కోసం నేను రాస్తే ఆ సీలు కవర్లో పెట్టనిస్తారా? ఆయన చదివింది ఆ బడే కావచ్చు. సాలూరు నుంచి కొండ మీదికి పంపారని మాత్రం తెలుసు, 1950ల చివర్లో. పచ్చ హౌస్ ఆడపిల్లలదైతే మగపిల్లల హౌసులు ఏవో కనుక్కుని చెప్పండి.

కొలాబ్_గట్టు
ఎరుపు, పసుపు అబ్బాయిలవండీ. 1956 నుంచి 1960 దాకా పసుపు పుస్తకాలు బాగానే ఉన్నాయి, ఎరుపులో ఒక ఏడాది లేదు. నేను తెరవను. మీరే వచ్చి మీరే తెరవండి, హెడ్‌మిస్ట్రెస్ గారితో మాట్లాడి పెడతాను. శనివారం మళ్ళీ వెళ్తున్నాను, నీలం హౌస్, సండే స్కూలు హాజరు మిగిలాయి. ఇంకో ఇద్దరు ఉంటే ఒక రోజులో అయిపోతుంది.

గుణుపురం_అమ్మాయి
నేను వస్తాను. శుక్రవారం రాత్రికి రాయగడ వచ్చేస్తాను, పొద్దున్నే అక్కడి నుంచి బస్సు. మెత్తటి బ్రష్‌లు రెండున్నాయి, తెస్తాను.

ఎర్రమట్టి
శనివారం నాకు కుదురుతుంది. సాలూరు నుంచి బైక్ మీద వస్తాను. జయపురం బస్టాండ్ దగ్గర ఎన్నింటికి ఉండమంటారు?

కొలాబ్_గట్టు
ఎనిమిదిన్నరకి. అమ్మ కూడా వస్తానంటోంది, కాగితం తన చేత్తోనే ఇస్తుందట. కారు మాట్లాడాను.